ఏరిన పీచు

యూనివర్సిటీ హాస్టలు,
12 ఫిబ్రవరి 2003.

పూజ్యులైన నాన్నగారికి,

ప్రభువు నామంలో వందనాలు. నేను క్షేమం. మీరు పంపిన కొబ్బరి పీచే క్షేమంగా లేదు.

నాలుగేళ్లుగా నేను వెలగబెడుతున్న ఘనకార్యం మీకు తెలిసిందే. మీరు ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, రావులపాలెంలో బస్సెక్కించిన పీచుని జిగురులో పరిచి పలకలు పోస్తాను. ఆ పలకని మిషనుకి బిగించి తెగేదాకా లాగిస్తాను. ఎంత బరువుకి తెగిందో రాసుకుంటాను. దీన్ని మెటీరియల్స్ ఇంజనీరింగులో పిహెచ్‌డి అంటారు. "తెంపడానికి చదువెందుకురా?" అని అమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే.

మూడేళ్లు మన పీచు మిషనునే ఏడిపించింది. మా గైడు రామ్మూర్తి గారు "కోనసీమ పీచంటే ఇదయ్యా!" అని వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నారు. కిందటి దీపావళి తరవాత వచ్చిన కట్టలు మాత్రం సగం బరువుకే పుటుక్కుమంటున్నాయి. ఆ అంకెలు సారుకి చూపించలేదు, అట్టపెట్టెలో దాచాను. వాటిని అలాగే మరిచిపోతే జూన్‌లో థీసిస్ ఇచ్చేసి డాక్టరునైపోతాను, సూదిమందు వెయ్యడం రాని డాక్టర్ని. కానీ అన్నం సరిగ్గా దిగడం లేదు. మీరు ఫ్యాక్టరీ మార్చారా? నాసిరకం ఎవరైనా అంటగట్టారా? నిజం రాయండి.

మీ తెంపరి కొడుకు,
సుధీర్

హాస్టలు,
3 మార్చి 2003.

నాన్నగారికి,

మీ పేరుతో వచ్చిన జాబు చెల్లి రాసిందని మొదటి వరుసలోనే తెలిసింది. బిందు ఇలా రాసింది:

"ఫ్యాక్టరీ మార్చలేదన్నయ్యా. నాన్నగారు అరుగు మీద కూచుని ఒక్కో పోగూ ఎండకి పట్టి చూసి, లావుగా, పొడుగ్గా ఉన్నవే నీకు ఏరి కట్టేవారు. 'పిల్లోడి పరీక్షకెళ్లేది, చెత్త పంపుతామేంటే' అనేవారు. దీపావళినుంచి చూపు ఆనడంలేదు. నీటికాసులంట, పోయిన చూపు రాదన్నేరు రాజోలు డాక్టరు గారు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నేరు. ఇప్పుడు తడిమి ఏరుతున్నేరు. ఏం వస్తున్నాయో ఆయనకే తెలీదు."

అదండీ సంగతి. మూడేళ్లు నేను కొలిచింది కోనసీమ పీచుని కాదు, మీ చూపుని. మీ కళ్లు మసకేసిన నెలలోనే నా అంకెలు పడిపోయాయి. ఆ అంకెలు దాచుకుని, నేను పీచుని తిట్టాను.

పెట్టె పట్టుకెళ్లి సారు ముందు పెట్టాను. ఏరిన సంగతీ చెప్పాను. ఆయన అంకెలన్నీ తిరగేసి, "ఈ సగం బరువువే అసలు పీచు అంకెలయ్యా. మొదట్నించీ చెయ్యాలి. ఇంకో రెండేళ్లు," అన్నారు. "ఆయ్," అన్నాను.

శనివారం వస్తున్నాను. ఇక్కడొక జోకు వెయ్యాలని కూచున్నాను, రాలేదు. బిందూ, ఇది నాన్నగారికి చదివి వినిపించేటప్పుడు గొంతు జీరబోనివ్వకు, ఆయన పట్టేస్తారు.

నాన్నగారండీ, కొత్త కట్ట కావాలి. ఫ్యాక్టరీలో ఎలా ఇస్తే అలాగే కట్టేయండి. తడిమి కూడా ఏరకండి. మీరు చూసి ఏరినవాటిలో గుప్పెడు పోగులు నా దగ్గర మిగిలాయి. వాటిని మిషనుకి బిగించను.

ఇంకా డాక్టరు కాని,
మీ సుధీర్