ఉబ్బుగోడ మీద టైల్సు

షోళింగనల్లూరు, చెన్నై

చెల్లీ అమ్మణీ, నాకేం దెబ్బ తగల్లేదు, భయపడకు.

నిన్న మా మేస్త్రీ ఉబ్బుగోడను చెక్కనివ్వకుండా ఆయిల్ పెయింటు మీదే టైల్సు అంటించమన్నాడు. ఇంటావిడ వేలితో తట్టి, "ఈడ డొల్లగా పలకతా ఉందే" అంటుండగానే వరస మొత్తం ఊడి ఆమె కాళ్ల ముందు పడి పగిలింది.

మీ ముందుగది గోడకూ అదే పెయింటు, అదే ఉబ్బు. బావ తనే టైల్సు మొదలుపెట్టాడట. ఫోన్ చేస్తే "నాకు తెల్దా మచ్చా" అని పెట్టేస్తున్నాడు, నీకివ్వడం లేదు. అందుకే ఈ కార్డు. ఉబ్బు చెక్కి, గోడంతా ఉలితో గంట్లు పెట్టి, తడిపాకే అంటించాలి.

అమ్మ మోకాలికి కాపడం పెడుతున్నావా? పాపకు ముద్దులు. దాని ఉయ్యాల ఆ గోడవారనే కదా. ముందు అది పక్కకు లాగేసి, తర్వాతే ఈ కార్డు బావకు చూపించు.

మీ అన్న,
మునిరత్నం