ఆ నక్షత్రం తీసెయ్యి

బాబూ,

ఫోన్లో మన కుట్టుమిషన్ల గ్రూపు నడిపేది నువ్వే కనుక నీకే రాస్తున్నాను. ఇన్నేళ్లుగా వదలకుండా ఉన్నానని నా పేరు పక్కన బంగారు నక్షత్రం పెట్టావు. సంతోషమే. కానీ ఆనాటి నుంచి నాతో ఎవరూ పోట్లాడటం లేదు. "నీ మొహం, అలా కాదు" అని ఎగిరిపడే కాజాల మాస్టారు కూడా "చిత్తం, బాబిన్ పిన్నిగారూ" అంటున్నాడు. ఒళ్లు మండుతోంది. ఇవాళే తీసెయ్యి, లేకపోతే గ్రూపులోంచి నేనే పోతాను.

అసలు భయం వేరే ఉంది. కొత్తగా కొన్న కంప్యూటర్ మిషన్‌లో అడుగున బాబిన్ దారం ఉండలు కడుతోంది. సోమవారానికి ఆసుపత్రి తెరలు కుట్టి ఇవ్వాలి. అన్నం సయించడం లేదు. నెత్తిన నక్షత్రం పెట్టుకుని ఇంత చిన్న సందేహం ఎలా అడగను? సిగ్గు చంపుకోలేక, వేరే పేరుతో గ్రూపులో చేరి, కొత్తదానిలా అడిగాను. జవాబు నువ్వే ఇచ్చావు.

"మన బాబిన్ పిన్నిని అడగమ్మా. ఆవిడకు తెలియనిది లేదు."

అడిగాను నాయనా. ఆవిడకూ తెలియదట.

ఇట్లు,
మీ బాబిన్ పిన్ని