చిన్న రెక్క

వాంకూవర్, వాషింగ్టన్
ఆగస్టు 6

ప్రియమైన గౌరికి,

నేను ఫోన్ చేస్తే అక్కడ స్మృతి స్పీకర్‌లో పెడుతుంది, నువ్వు చేస్తే ఇక్కడ జగదీష్ పెడతాడు. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటుంటే ఇంటిల్లిపాదీ వినాలా? అందుకే కాగితం పట్టాను. కొడుకు దగ్గర నన్నూ, పసిపిల్ల కోసమని కూతురి దగ్గర నిన్నూ పెట్టి, పిల్లలు మనల్ని ఈ దేశానికి చెరో ఒడ్డునా పంచుకున్నారు.

ఎయిర్‌పోర్టులో నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. "నలభై ఏళ్ళ కాపురంలో మీరు తెచ్చిన ప్రతి చేపా కొన్నదే" అని అందరి ముందూ నవ్వావు. ధవళేశ్వరంలో ముప్పై ఏళ్ళు ఇరిగేషన్ ఉద్యోగం చేసి, గోదావరిలో ఒక్కసారైనా గాలం వెయ్యనివాణ్ణి కాబట్టి నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా విను. సెప్టెంబరు ఇరవైన వేద అన్నప్రాశనకి స్మృతి వాళ్ళ ఊరు క్యారీ వస్తాను కదా, నా చేత్తో పట్టిన సాల్మన్‌ని ఐస్‌లో పెట్టి తెస్తాను. పులుసు నువ్వు పెట్టు.

మన పులసలాగే ఇదీ సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుంది. ఈ వీధిలోనే పద్మనాభం గారని కాకినాడ ఆయన ఉన్నారు. కొలంబియా నదిలో పదేళ్ళుగా గాలం వేస్తున్నారట. ఆయనే నాకు లైసెన్సు తీయించారు, రూల్సు చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. సాల్మన్ వీపు మీద, తోకకి దగ్గరగా, చిటికెనవేలి గోరంత చిన్న రెక్క ఉంటుంది. సర్కారు కేంద్రాల్లో పెంచి వదిలిన చేపలకి ఆ రెక్కని పిల్లలుగా ఉన్నప్పుడే కత్తిరిస్తారు. రెక్క లేని చేపని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఉంటే అది నదిలో పుట్టింది, వదిలెయ్యాలి.

నీ
భాస్కరరావు

క్యారీ
ఆగస్టు 14

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వేద బోర్లా పడుతోంది, పడి వెనక్కి తిరగలేక ఏడుస్తోంది. నా నడుము పని అయిపోయింది.

చేప పడిందే అనుకోండి, బాగుచేసేది ఎవరు? మార్కెట్లో సుబ్బులు కోసి సంచిలో వేసి ఇస్తే మోసుకొచ్చిన మనిషి మీరు. పొలుసు ఎటునుంచి గీయాలో తెలుసా అసలు? నేనేదో సరదాకి అన్న మాట పట్టుకుని ఈ వయసులో నీళ్ళలో దిగకండి. నాకు చేప వద్దు. మీరొస్తే చాలు.

మీ
గౌరి

వాంకూవర్
ఆగస్టు 30

ప్రియమైన గౌరికి,

పదకొండుసార్లు వెళ్ళాను, పదకొండుసార్లూ ఖాళీ చేతులే. ఒళ్ళు మండిపోతోంది.

మొదటి వారం నీళ్ళు వేడెక్కాయని నది మూసేశారు. చేపలకి ఎండదెబ్బ తగులుతుందట! తెరిచారు కదా అని వెళ్తే, పద్మనాభం గారు ఫోన్ చూసి "నదిలో ఈ ముక్క నిన్న సాయంత్రం నుంచి క్లోజండీ, అవతలి వంతెన దాటి వెళ్ళాలి" అన్నారు. పొద్దున ఉన్న రూలు సాయంత్రానికి ఉండదు. మరోనాడు స్టర్జన్ అనే పెద్ద చేప పడింది. నా అంత పొడుగు, వీపు మీద మొసలికి ఉన్నట్టు పలకలు. నలభై నిమిషాలు లాగి ఒడ్డుకి తెచ్చాను. దాన్ని ఇంటికి తేకూడదు సరే, ఫోటో కోసం నీళ్ళలోంచి పైకి ఎత్తకూడదు కూడానట. నీళ్ళలోనే గాలం తీసి దండం పెట్టి పంపించాను. ఆపైన రెండు సాల్మన్లు పడ్డాయి, రెండింటికీ ఆ దిక్కుమాలిన రెక్క ఉంది.

సాల్మన్లు గుంపులుగా ఎదురీదుకొచ్చేది అసలు సెప్టెంబరు మధ్యలోనట. టికెట్ అక్టోబరు నాలుగుకి మార్పించాను. అన్నప్రాశన వీడియోలో చూస్తాను. కోప్పడకు.

నీ
భాస్కరరావు

క్యారీ
సెప్టెంబరు 8

శ్రీవారికి,

కోప్పడుతున్నాను. మనవరాలికి మొదటి ముద్ద పెట్టడం కన్నా మీకు చేప ఎక్కువైంది. తూము అంగుళం ఎక్కువ తెరిచాడని రైతుకి నోటీసు ఇచ్చినప్పుడు "రూలు రూలే" అన్నది ఎవరండీ? ఇప్పుడు మీకు అడ్డం వచ్చేసరికి అది దిక్కుమాలినదైందా?

గౌరి

వాంకూవర్
సెప్టెంబరు 24

ప్రియమైన గౌరికి,

చేప పడింది. పద్నాలుగు పౌండ్లు. అది ఇప్పుడు నా దగ్గర లేదు.

పందొమ్మిదిన పద్మనాభం గారికి వీలు కాకపోతే ఒక్కణ్ణే వెళ్ళాను. పట్టిన చేపని మన పద్ధతిలో ఒడ్డునే బాగుచేశాను. తల, తోక, రెక్కలు అన్నీ కోసేసి కడిగి ఐస్‌లో పెట్టాను. కారు దగ్గర చేపల శాఖ ఆఫీసరమ్మ ఆపింది. "చిన్న రెక్క ముందునుంచీ లేదని ఎలా తెలుస్తుంది? ఇల్లు చేరేదాకా ఆ చోటు కొయ్యకూడదు" అంది. లేదని ఎంత చెప్పినా వినలేదు. చేప తీసుకుని కేసు రాసింది. నేనేం దొంగనా గౌరీ? నలుగురు ఆగి చూశారు.

జగదీష్ వీసాకి ఇబ్బంది వస్తుందేమోనని వణికిపోతున్నాడు. అక్టోబరు తొమ్మిదిన జడ్జి దగ్గరికి వెళ్ళాలి, టికెట్ మళ్ళీ రద్దు. మా వైపు వాళ్ళు నీచు ఇంట్లోకి రానివ్వరనీ, ఒడ్డునే బాగుచేసుకోవడం మా అలవాటనీ నువ్వొక ఉత్తరం రాసి పంపు. నువ్వు రాస్తే నమ్ముతారు.

నీ
భాస్కరరావు

క్యారీ
సెప్టెంబరు 30

శ్రీవారికి,

అడిగారు కాబట్టి రాశాను. తెలుగులోనే రాశాను, జగదీష్‌తో ఇంగ్లీషు చేయించండి. ఇచ్చే ముందు మీరొకసారి చదవండి.

"జడ్జిగారికి నమస్కారం. మా ఇంట్లోకి చేప రావాలంటే బాగుచేసి ఉండాలి. ఆ నియమం నాది. నా భర్త భాస్కరరావు గారు ముప్పై ఏళ్ళు కాలువల మీద ఉద్యోగం చేశారు. ఆయన్ని తిట్టుకున్న రైతులున్నారు కానీ అబద్ధాలకోరు అన్నవాడు ఒక్కడూ లేడు. నలభై ఏళ్ళ కాపురంలో ఇంతవరకూ ఆయన నాతో అబద్ధమాడలేదు. ఆయన మాట నమ్మండి, నేను నమ్మినట్టే. – గౌరి"

వేద అన్నప్రాశన బాగా జరిగింది. మొదటి ముద్ద నేను పెట్టాను.

గౌరి

వాంకూవర్
అక్టోబరు 10

గౌరీ,

నీ ఉత్తరం జడ్జికి ఇవ్వలేదు. జగదీష్‌కి కూడా చూపించలేదు.

ఆ చేపకి రెక్క ఉంది. నీళ్ళలో పట్టుకుని చాలాసేపు చూశాను. అన్నప్రాశన వదులుకున్నాను, నీతో మాట పడ్డాను, నెలన్నర తిరిగాను. ఇదీ వదిలేస్తే ఏ మొహం పెట్టుకుని రావాలి అనిపించింది. కత్తి తీసి ముందు ఆ చిన్న రెక్కే కోశాను. అదొక్కటే కోస్తే గాయం పచ్చిగా కనిపించి తెలిసిపోతుందని మిగతావన్నీ కోశాను. ఆపైన ఆఫీసరమ్మ మీద కేకలేశాను. చివరికి దాన్ని నీ ఇంటి పద్ధతి అని నీ నెత్తిన పెట్టాను. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న జడ్జి "మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని అడిగితే "రెక్క ఉందండీ, నేనే కోశాను" అన్నాను. జగదీష్ నా వంక చూసిన చూపు మర్చిపోలేను. జరిమానా వేశారు, లైసెన్సు తీసేసుకున్నారు. ఆఫీసరమ్మ నా చేతిలో కాగితం చూసి అదేమిటని అడిగింది. మా ఆవిడ నాకు రాసిన ఉత్తరం అన్నాను.

ఇక నన్ను రమ్మంటావో వద్దంటావో నువ్వే చెప్పు.

భాస్కరరావు

క్యారీ
అక్టోబరు 16

ప్రియమైన శ్రీవారికి,

పొలుసు గీయడం రాని మనిషి తల, తోక, రెక్కలు అన్నీ తనే కోశానని రాస్తే నాకు అర్థం కాదా? ఆ ఉత్తరం చదవగానే తెలిసింది. ఫోన్ తీసి కడిగేద్దామనుకున్నాను. స్పీకర్‌లో అడిగే మాట కాదని ఆగాను.

"ఇంతవరకూ అబద్ధమాడలేదు" అని నిజం తెలిసే రాశాను. అది జడ్జిగారి కోసం రాసింది కాదు. మీరు దాన్ని తీసుకెళ్ళి కోర్టులో ఇచ్చి ఉంటే నేను ఏమైపోయేదాన్నో నాకే తెలియదు. పది రోజులు పోస్టుబాక్సు చుట్టూ తిరిగాను. స్మృతి నాకు ఒంట్లో బాగాలేదనుకుంది.

నా కోపం ఇంకా పోలేదు. అయినా టికెట్ తీసుకుని వచ్చెయ్యండి. వేద ఇప్పుడు పప్పన్నం తింటోంది, మీరూ ఓ ముద్ద పెడుదురు గాని. ఐస్ పెట్టె అక్కడే వదిలేసి రండి. ఇక్కడ షాపులో నిండు చేప అమ్ముతారు, కొయ్యకుండా ఇమ్మందాం. పొలుసు ఎటునుంచి గీయాలో దగ్గర కూర్చుని చూపిస్తాను.

మీ
గౌరి