బండ కింద మంచం కోడు

తమ్ముడా రాజయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున దీపం పెట్టుకొని, నీ బిడ్డ సరోజతో బస్సెక్కి ములుగు అడవిలోని ఆ గుట్టలకు పోయి వచ్చాను. ఫారెస్టోళ్లు ఇప్పుడక్కడ బోర్డు పెట్టారు. ఆ అడవిలో జీపు నడిపినన్నాళ్లూ నువ్వు, "పాము పడగ లెక్క, పుట్టగొడుగు లెక్క బండలున్నయక్కా, ఒక్కసారి రారాదే" అని పిలిచేవాడివి. నేను ప్రతిసారీ ఏదో ఒక ఉపవాసం సాకు చెప్పేదాన్ని.

నువ్వు చెప్పిన ఒరిగిన బండ చూశాను. దాని కింద పుల్ల ఆనిస్తే నడుము నొప్పి పోతుందని అక్కడి నమ్మకం. అన్ని పుల్లల నడుమ ఒక పచ్చరంగు చెక్క కనబడింది. మన విరిగిన మంచం కోడు. జీపు జారకుండా టైరు కింద పెట్టుకునేవాడివి కదా, అదే.

ఒకనాడు అది జీపులో కనబడక ఏదని అడిగితే, "నీ నడుముకు పుల్ల సాల్తదా అక్కా? బండ కింద కోడే పెట్టొచ్చిన" అన్నావు.

"దేవునితోటి పరాచకాలా?" అని కసిరాను. నమ్మలేదు.

సరోజ దాన్ని తీయబోయింది. "నాయనది, ఇంటికి తీస్కపోదాం అత్తమ్మా."

"ఉండనియ్యి బిడ్డా. నాకోసం పెట్టిండు."

"మరి నొప్పి పోయిందా?"

"లేదు."

అచ్చం నీలాగే నవ్వింది.

వచ్చేముందు నేనూ ఒక పుల్ల ఏరి, నీ కోడు పక్కన ఆనించాను. కళ్లు మూసుకొని నీ పేరు తలుచుకున్నాను. ఏం మొక్కాలో తోచలేదు. నీకిప్పుడు ఏ నొప్పీ లేదు.

నీ పెద్దక్క