చుక్కికి పద్నాలుగు కుట్లు

చి. విద్యకి,

మీ నాన్నకి ఏమీ కాలేదు, ముందు ఆ సంగతి తెలుసుకో. ఫోన్‌లో చెబితే పక్కన కూర్చుని సగం మార్చేస్తారని ఈ కార్డు.

ఈ టెక్సాస్ పొలంలో ఆవుల్ని మళ్లించడానికీ, అడవి పందుల్ని నిలేయడానికీ ఈయన పెంచే కర్ జాతి కుక్కల్లో చుక్కి కడుపుతో ఉంది కదా. శనివారం పొద్దున పందులు కంచె విరగ్గొడితే ఆవులన్నీ రోడ్డెక్కాయి. చుక్కిని మాత్రం విప్పొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "దానికొచ్చినంత పని ఇంకే కుక్కకీ రాదు పద్మినీ" అంటూ విప్పేశారు. ఆవుల్ని మళ్లించింది, నిజమే. కానీ ఒక మగపంది ఈయన మీదికొస్తే అడ్డం వెళ్లి భుజం చీల్పించుకుంది.

పశువుల డాక్టర్ నలభై మైళ్ల అవతల ఉంటుంది. ఆవిడ ఫోన్‌లో చెబుతుంటే డైనింగ్ టేబుల్ మీద పడుకోబెట్టి నేనే కుట్లు వేశాను. సర్జరీ మానేసి తొమ్మిదేళ్లయినా ఒక్క కుట్టూ వంకర పోలేదు. దాని తల పట్టుకున్న మీ నాన్నే కళ్లు గట్టిగా మూసుకున్నారు. దాని కడుపులో పిల్లలు బాగానే కదులుతున్నాయి.

నా కళ్లజోడు మీ ఇంట్లో మర్చిపోయాను, పంపు. పిల్ల నైనికకి దగ్గు తగ్గిందా? చుక్కి ఈనేదాకా నేను కదలను, మీ పార్సిప్పనీకి నా టికెట్ వచ్చే నెలకి మార్చు. కుట్లు తనే విప్పుతానని మీ నాన్న అప్పుడే టూల్‌బాక్స్‌లో పట్టకారు వెతుకుతున్నారు.

మీ అందరికీ ఆశీస్సులు.
అమ్మ