రాలిన కాయ ఎవరిది?

మహారాజశ్రీ నాయన గారి దివ్య సముఖానికి,

మన వడమాలపేట మామిడితోటలోకి కాంట్రాక్టు చట్టాన్ని తోలుకొచ్చినందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. రవ్వంత పశ్చాత్తాపం కూడా లేదనుకో. నన్ను లా చదివించింది నువ్వే.

నువ్వు పోయాక ఇదే మొదటి కాపు. ఎప్పట్లాగే పూత మీదుండగానే పంటను మునెప్ప మామకు గుత్తకిచ్చాను. నువ్వైతే తువ్వాలు కింద చేతులు కలిపి బేరం ముగించేవాడివి. నేను కాగితం రాయించాను. గాలికి, వానకు కాయ రాలితే నష్టమంతా కొన్నవాడిదేనని అందులో ఉంది.

మొన్న సాయంత్రం గాలి కొట్టింది. తెల్లారేసరికి సగం కాపు నేల మీద ఉంది. మామ వచ్చాడు. నా వైపు చూడనైనా లేదు. చెట్టు కింద ఖాళీగా ఉన్న నీ మంచం ముందు నిలబడ్డాడు.

"ఏం బావా, రాలింది చెరి సగమే కదా?" అన్నాడు మంచంతో.

"మామా, ఆడ ఎవురూ లేరు. కాగితంలో సంతకం పెట్టినావు కదా," అన్నాను.

"పెట్టినాను లేబ్బా. నేనడిగేది మీ నాయన్ని. ఏ గాలికీ ఆయన నన్నొక్కణ్ణే మునగనీలేదు. ఈసారి మునిగితే నేను మళ్లా లేసేది లేదు."

షరతు చదివి వినిపిద్దామని గొంతు సవరించుకున్నాను.

"చెరి సగమేలే, కూసోరా మునెప్పా," అని వినబడింది.

మామను నేనెప్పుడూ 'రా' అనలేదు. ఆయన నీకు చోటు వదిలి, మంచం అంచున కూర్చున్నాడు.

కాబట్టి నాయనా, ఆ తీర్పు నాది కాదు. నేను చేసిందల్లా ఒకటే. నోరు తెరిచాను.