మధ్యాహ్నం కొట్టే కుళాయి

ఏప్రిల్ 14, 2002. ఆదివారం

ఇవాళ కుళాయి మా అమ్మాయి శరణ్యని కొట్టింది.

నన్ను కొట్టినప్పుడు ఊరుకున్నాను. మోచేతిదాకా జివ్వుమంటే, బ్లాక్‌బోర్డు మీద రాసీ రాసీ నరం పట్టిందేమో అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం మామిడిపండు తిని చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లిన పిల్ల కెవ్వుమంది. పరిగెత్తి చూస్తే తడినేల మీద కూలబడి, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఉంది. ఐదేళ్ల పిల్ల. కుళాయి కరిచింది అంటుంది. ముఖం తెల్లగా పాలిపోయింది.

మా ఆయన రఘురామ్‌కి చెప్పాను. తేమ వల్ల అయ్యుంటుంది అన్నారు. చిలకలూరిపేటలో, ఏప్రిల్ ఎండలో, తేమ! జిన్నింగ్ మిల్లులో పత్తి తేమ చూసి చూసి ఈయనకి లోకమంతా తేమగానే కనిపిస్తోంది.

ఏప్రిల్ 17

కుళాయి షాక్ కొడుతోందని ఇంటి ఓనరు చెంచురామయ్యగారికి చెప్పాను. పైన వాళ్లుంటారు. కింద ముందు వాటా మాది, వెనక వాటా జోహరాబీది. దొడ్లో కుళాయి మా ఇద్దరికీ కలిపి ఒక్కటే. ఆయన మిర్చి బేరానికి గుంటూరు వెళ్తూ మెట్ల మీద నిలబడి విన్నారు. వాళ్ల మనిషి యలమందని పంపిస్తారట. ఇంట్లో వైరింగూ, పొలంలో మోటారూ అన్నీ అతనే చూస్తాడట, చాలా నమ్మకస్తుడట. బయటివాళ్లెవరినీ వైర్లు ముట్టుకోనివ్వద్దన్నారు.

నమ్మకస్తుడు ఇవాళ రాలేదు.

ఏప్రిల్ 18

రాలేదు.

ఏప్రిల్ 22

పొద్దున్నే నేను స్కూలుకి చెప్పులేసుకుంటుంటే వచ్చాడు యలమంద. కుళాయికి టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాడు. నా టవలుతో తుడుచుకున్నాడు. తర్వాత నావంక జాలిగా చూసి, ఒకసారి జడుసుకుంటే మళ్లీ మళ్లీ అలాగే అనిపిస్తుందని, వాళ్ల మేనత్తకీ ఇదే జబ్బని చెప్పాడు. ఓనరుకి కూడా అదే చెప్పి వెళ్లాడు.

క్లాసులో పిల్లల మీద ఊరికే కేకలేశాను. వాళ్లేం చేశారు పాపం.

ఏప్రిల్ 23

ఒంటిపూట బడి అయి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోబోయాను. మళ్లీ కొట్టింది.

ఏప్రిల్ 29

ఈ ఊళ్లో ఇన్ని మిల్లులున్నాయి, ఇన్ని మోటార్లున్నాయి, సందుకో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఇంటికి వచ్చి చూసే మనిషి ఒక్కడు లేడు. ఒకతను కిళ్లీకొట్టు ఫోను నంబరిచ్చాడు. ఎప్పుడు చేసినా ఇప్పుడే బయల్దేరాడమ్మా అంటారు. ఆ బయల్దేరిన మనిషి ఇంకా దారిలోనే ఉన్నాడు. ఇంకొకతను ఇవాళ పొద్దున వచ్చి, కుళాయి వంక కన్నెత్తి చూడకుండా రెండు స్విచ్‌లు మార్చాడు. ఇల్లంతా గోడలు పగలగొట్టి కొత్త వైరింగ్ వెయ్యాలన్నాడు. నేనేదో అడగబోతే, ఇంట్లో మగవాళ్లుంటే పిలవండి, మాట్లాడతాను అన్నాడు. గుమ్మం చూపించాను.

సాయంత్రం జోహరాబీతో ఈ సంగతి చెప్పి తిట్టుకుంటున్నాను. ఆవిడ బ్లౌజుకి హుక్కులు కుడుతూ, తలెత్తకుండా, తనకి కూడా కొడుతోందని చెప్పింది. ఉగాది వెళ్లిన దగ్గర్నుంచీ. కుళాయికి పాతగుడ్డ చుట్టి తిప్పుతోందట. మరి చెప్పవేం అని గట్టిగా అడిగాను. చెబితే ఖాళీ చెయ్యమంటారు, మాకు ఇల్లు దొరకడం మీకు దొరికినంత తేలిక కాదు టీచరుగారూ అంది.

నోరు మూసుకుని ఇంట్లోకి వచ్చేశాను. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

మే 6

హైవే పక్కన లారీల మధ్య ఒక మోటారు వైండింగ్ షాపుంది. పీరు అనే అతను నడుపుతున్నాడు. మిల్లుల్లో మోటారు కాలిపోతే అతన్నే పిలుస్తారని మా ఆయన చెబితే వెళ్లాను. సగం విప్పిన మోటారు ముందు కూర్చుని, ఊళ్లో ఎలక్ట్రీషియన్లందరినీ పేరుపేరునా తిట్టాడు. వినడానికి హాయిగా ఉంది. సాయంత్రం తప్పకుండా వస్తానన్నాడు.

రాలేదు. వీడూ అంతే.

మే 8

పొద్దున వచ్చాడు. గుమ్మంలోనే కడిగేశాను. మాట నిలబెట్టుకోని మనిషి కరెంటు పనికి పనికిరాడన్నాను. మిల్లులో బెల్టు ఆగిపోతే అటు పోయానని చెప్పాడు, ఏమాత్రం నొచ్చుకోలేదు. టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇతను కూడా మేనత్త కథ చెబుతాడేమో అని చూస్తున్నాను. షాక్ ఏ వేళప్పుడు కొడుతుందమ్మా అని అడిగాడు.

ఇన్నాళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. నేనే వేసుకోని ప్రశ్న. ఎప్పుడూ మధ్యాహ్నమే అన్నాను. అయితే మధ్యాహ్నమే వస్తానని వెళ్లిపోయాడు. తప్పించుకున్నాడనే అనుకుంటున్నాను.

మే 9

వచ్చాడు. ఎండకి దొడ్డి పెనంలా కాలుతోంది. టెస్టర్ పెట్టగానే వెలిగింది. ఎర్రగా, నిబ్బరంగా. జోహరాబీని పిలిచి చూపించాను. శరణ్యకి చూపించాను. నాకు పిచ్చి లేదని ఆ చిన్న లైటు చెబుతుంటే గట్టిగా నవ్వాలనిపించింది.

మా మెయిన్ ఆపేశాడు. ఇంకా వెలుగుతోంది. జోహరాబీ మెయిన్ కూడా ఆపేశాడు. వెలుగుతూనే ఉంది. అప్పుడు తలెత్తి పైకి చూశాడు. ఓనరు గది కిటికీకి కొత్త కూలర్ బిగించి ఉంది, జుయ్యిమని తిరుగుతోంది.

"ఇది మీ కరెంటు కాదు టీచరుగారూ. పైనోళ్లది" అన్నాడు.

నాకు అర్థమైనట్టు రాసుకుంటాను. కూలర్ లోపల ఎక్కడో కరెంటు లీకవుతోంది. అలాంటి కరెంటు నేలలోకి పోవడానికి ఎర్త్ తీగ ఉంటుంది. ఈ ఇంటికి ఎర్త్ గుంట తియ్యనే లేదు. పైనుంచి ఆ తీగని తెచ్చి కింద కుళాయి గొట్టానికి చుట్టేశారు. అదీ నేలలోకి పోదు, నిరుడు గొట్టం పగిలితే నేలలో ఉన్నదంతా తీసి ప్లాస్టిక్‌ది వేయించారు. పైన వాళ్ల బాత్రూముల్లోనూ ప్లాస్టిక్కే. చల్లగాలి వాళ్లకి, షాక్ మాకు. వాళ్లు భోంచేసి కూలర్ వేసుకుని పడుకుంటారు. అందుకే మధ్యాహ్నం.

పీరు పైకి వెళ్లాడు. వసారా దాటనివ్వలేదు. కూలర్ కొత్తది, దానికేం జబ్బు లేదు, ఏదన్నా ఉంటే మా యలమంద చూస్తాడు అన్నారట. ఆ తీగ ఎవరు చుట్టారో తెలిసింది కదా, ఆ యలమంద.

మే 10

యలమంద వచ్చాడు. పొద్దున. కూలర్ ఆగి ఉండగా. టెస్టర్ వెలగలేదట.

మే 14

జోహరాబీ పడిపోయింది.

బియ్యం కడుగుతోంది. గుడ్డ చుట్టే ఉంది, కానీ తడిసిపోయి ఉంది. నేను లోపల పరీక్ష పేపర్లు కట్ట కడుతున్నాను. అరుపు కూడా వినపడలేదు, గిన్నె పడిన చప్పుడే. వెళ్లేసరికి గోడవారగా పడి ఉంది, బియ్యమంతా చెల్లాచెదురు. ముట్టుకోబోయి ఆగాను. ముందు కుళాయి విడిచిందో లేదో చూడాలి. ఆ ఒక్క క్షణం నేను చూసింది ఆవిడని కాదు, ఆవిడ చేతిని. విసిరికొట్టింది కాబట్టి బతికింది. కుడిచెయ్యి మణికట్టు పైన వంకరగా ఉంది.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఎముక విరిగింది. పెళ్లిళ్ల సీజను. ఆవిడ తినేది ఆ చేత్తో కుట్టే.

తిరిగొచ్చేసరికి పైన కూలర్ తిరుగుతోంది. ఇవాళ్టి నుంచి ఈ డైరీలో ఆ మనిషికి గారు తీసేస్తున్నాను.

మే 15

చెంచురామయ్య పైనుంచే మాట్లాడాడు. తడినేల మీద కాలు జారితే దానికి కరెంటుని అనడమేమిటన్నాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. సర్దుకుపోదాం అన్నారు. నేను అన్నం తినలేదు.

మే 16

కూలర్ మొదలయ్యేదాకా ఆగాను. మొదలయ్యాక దొడ్లో నిలబడి పిలిచాను. మామూలుగా కాదు, క్లాసు చివరి బెంచీకి వినపడే గొంతుతో. చెంచురామయ్య దిగొచ్చాడు. వెనకే ఆయన భార్య వెంకటరావమ్మగారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కిందికి దిగడం తక్కువ. కట్టుతో జోహరాబీ గుమ్మంలో నిలబడింది.

"ఇందులో కరెంటు లేదంటున్నారు గదా బాబాయిగారూ. చెప్పులు విప్పి ఒక్కసారి తిప్పండి" అన్నాను.

చదువు చెప్పేదానివి, పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి ఇదేనా అన్నాడు. తనకి ఎవరికీ రుజువు చెయ్యాల్సిన అవసరం లేదన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ కుళాయికి దూరంగానే నిలబడ్డాడు. మళ్లీ అదే మాట అన్నాను.

వెంకటరావమ్మగారికి విసుగొచ్చినట్టుంది. ఇంత చిన్నదానికి ఇంత రభస ఎందుకండీ, నేను తిప్పి చూపిస్తాను అంటూ చెప్పులు విడిచారు. తడి సిమెంటు మీద కాలు పెట్టి చెయ్యి చాపారు. వద్దని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే ఆయన అరిచాడు.

"ముట్టుకోమాకే!"

మోచెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆవిడ తూలి నా మీద పడింది.

పైన కూలర్ ఒక్కటే మోగుతోంది. వెంకటరావమ్మగారు నిలదొక్కుకుని మొగుడి ముఖంలోకి చూశారు. తర్వాత జోహరాబీ కట్టు వంక చూశారు.

"అంటే మీకు తెలుసన్నమాట" అన్నారు, మెల్లగా.

చెప్పులు వేసుకోలేదు. ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని ఎక్కి వెళ్లారు. కాసేపటికి కూలర్ ఆగిపోయింది.

నేను గెలిచానని రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. జోహరాబీ ముట్టుకునేటప్పుడు ఆ మాట ఎవరూ అరవలేదు.

మే 18

పీరు వచ్చాడు. ఈసారి పైనుంచి వెంకటరావమ్మగారే కబురు పెట్టారట. దొడ్డి మూల నిలువెత్తు గుంట తవ్వించి, గొట్టం దింపి, బొగ్గూ ఉప్పూ పోయించాడు. కుళాయికి చుట్టిన తీగ కోసి అవతల పారేసి, కొత్త తీగతో పైన ఎర్త్‌ని ఆ గుంటకి కలిపాడు. కూలర్ విప్పి లోపల చెడిన వైరు మార్చాడు. తవ్వింది యలమందే. తవ్వినంతసేపూ పీరు గట్టు మీద కూర్చుని అతన్ని తిడుతూనే ఉన్నాడు. గుంట తియ్యడం దండగ, గొట్టానికి చుట్టెయ్యి అని ఓనరే చెప్పాడని యలమంద గొణిగాడు. చెబితే మాత్రం! మేనత్త కథ కూడా ఓనరే చెప్పమన్నాడా అని అడిగాను. తలొంచుకుని మట్టి ఎత్తాడు. నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

మధ్యాహ్నం కూలర్ వేయించి, పీరు టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. శరణ్య మాత్రం దొడ్లోకి రానంది.

మే 27

ఖాళీ చెయ్యమన్నాడు. నాకు చెప్పలేదు, మా ఆయనకి చెప్పాడు. మిర్చి బస్తాలకి వాటా కావాలట. ఇప్పుడు ఇల్లు బాగుపడింది కదా, బస్తాలకి షాక్ కొట్టదు.

ఈయన సర్దుకుపోదాం అంటారని కాచుకుని కూర్చున్నాను. అనలేదు. మేం పోతాం, వెనక వాటా జోలికి మాత్రం వెళ్లకండి, వెళ్తే ఆ చెయ్యి ఎలా విరిగిందో మీ బేరగాళ్లందరికీ నేనే చెబుతాను అని ముఖం మీద అనేసి వచ్చారట. పెళ్లయిన ఇన్నేళ్లకి ఈయన నోట ఇలాంటి మాట. ఇంకోసారి చెప్పండి అని అడిగి, మళ్లీ చెప్పించుకున్నాను.

జూన్ 9, ఆదివారం

సామాను బండి ఎక్కింది. చివరిగా చీపురు తీసుకోవడానికి దొడ్లోకి వెళ్లాను. వెంకటరావమ్మగారు ఎర్త్ గుంట దగ్గర వంగి బిందెతో నీళ్లు పోస్తున్నారు. నేల ఎండితే అది పనిచెయ్యదని పీరు చెప్పాడట. వానలు పడేదాకా రోజూ పొయ్యాలట. నేను బిందె అందుకోబోయాను. ఇవ్వలేదు. వెళ్లిరామ్మా, ఇది నా పని అన్నారు.